చంపి పుట్టించడం మాన్పించిన పిన్ని

ఆఫీసులో ఆవిడను అందరూ పిన్ని అంటారు. మేనేజరు అంటాడు, గేటు దగ్గర కాపలావాడు అంటాడు, రేపో మాపో రిటైరవబోయే అకౌంట్ల అమ్మగారు కూడా అంటుంది. దీనికంతటికీ కారణం ఆవిడ పక్క సీట్లో కూర్చునే బట్టతల పెద్దమనిషి. అతను ఆవిడ పెద్దక్క కొడుకు. అక్కకు పెళ్ళి తొందరగా అయింది, చెల్లెలు ఆలస్యంగా పుట్టింది, దాంతో పిన్ని కంటే కొడుకే రెండేళ్ళు పెద్దయి కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన రోజు మెట్లెక్కి వస్తున్న ఆవిడను చూసి ఈ బట్టతల మనిషి లేచి నిలబడి, "రా పిన్నీ, కూర్చో" అన్నాడు. గదంతా గొల్లుమంది. నవ్వు ఆగేసరికి పేరు అంటుకుపోయింది. అదేం జిగురో గానీ ఇప్పటికీ ఊడలేదు.

ఆ గది బస్సుల కంపెనీ వర్క్‌షాపు మీద ఉంది. కింద ఇంజను స్టార్టు చేస్తే పైన టీ గ్లాసులు సన్నగా మోగుతాయి. కిటికీ తీస్తే డీజిలు వాసన, మూస్తే ఉక్కపోత. అందుకని సగం తీసి ఉంచి, రెండు బాధలూ సగం సగం పడతారు. ఏ బస్సు ఎవరు నడపాలి, ఎవరు టికెట్లు కొట్టాలి, ఎవరు సెలవులో ఉన్నారు, అన్నీ చూసుకునే ప్రోగ్రాం బతికేది ఆ గదిలోనే. పిన్ని అక్కడికి మొదట టైపు కొట్టడానికి వచ్చింది. ఇతరులు రాసిన ప్రోగ్రాములు ఎక్కిస్తూ ఎక్కిస్తూ, "ఇక్కడ తప్పుందండీ" అనడం మొదలుపెట్టింది. ఆ తప్పులు నిజంగానే తప్పులు కావడంతో వాళ్ళకు ఒళ్ళు మండింది. "పట్టేది నువ్వే అయితే రాసేదీ నువ్వే రాయి" అని విసుక్కుని కోర్సుకు పంపారు. విసుగులోంచి పుట్టిన ప్రమోషను అదొక్కటేనేమో లోకంలో.

గదికి పెద్ద గోడసారు. ఆయన కుర్చీ గోడకేసి తిరిగి ఉంటుంది, ఎందుకంటే గోడ నిండా ఆయన గీసిన బొమ్మ ఉంటుంది. పైన "ఉద్యోగి" అని ఒక గడి. దాని కింద కొమ్మలు చీలి డ్రైవరు, కండక్టరు, మెకానిక్కు, ఇన్‌స్పెక్టరు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక్కో గడినీ క్లాసు అంటారు. క్లాసంటే అచ్చు అనుకోండి. ఆ అచ్చులో పోసి తీసిన ఒక్కో మనిషీ ఒక ఆబ్జెక్టు. పై గడిలో ఉన్న లక్షణాలన్నీ కింది గడికి వారసత్వంగా దిగుతాయి. అందుకే గదిలో ఆ బొమ్మను వంశవృక్షం అనేవాళ్ళు. గోడసారు అంటే పిన్నికి కోపమే గానీ చిన్నచూపు లేదు. కిటికీలోంచి గేరు మార్చిన చప్పుడు విని, "ఆ బండికి క్లచ్చి పోతోంది, కింద చెప్పండి" అనగలిగిన మనిషి ఆయన. చెప్పి చూస్తే పోతూనే ఉండేది. ఇంత చెవి ఈయనకెక్కడిదని ఎవరూ అడగలేదు. ఆయనను ఏదైనా అడగాలంటే ముందు గోడను దాటాలి.

వంశవృక్షంతో ఒక్కటే చిక్కు. డ్రైవరు అచ్చులో పోసినవాడు చచ్చేదాకా డ్రైవరే. కండక్టరు అచ్చులో పోసినవాడు చచ్చేదాకా కండక్టరే. మరి కండక్టరు లైసెన్సు సంపాదించి డ్రైవరైతే? ప్రోగ్రాంకు తెలిసిన దారి ఒకటే. కండక్టర్ని తీసేయాలి, కొత్తగా ఒక డ్రైవర్ని పుట్టించాలి. పుట్టిన తేదీ దగ్గర్నుంచి సెలవుల దాకా పాతవాడివన్నీ కొత్తవాడికి చేత్తో ఎక్కించాలి. దీన్ని ఆ గదిలో చంపి పుట్టించడం అనేవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం ఆ పని. "ఏం పిన్నీ, ఇవాళ ఎంతమందిని చంపావ్?" "ముగ్గుర్ని. ఇద్దర్ని పుట్టించాను, మూడోవాడు టీ తాగాక." బయటివాళ్ళు వింటే పోలీసులను పిలుస్తారు. వీళ్ళకు అలవాటైపోయి నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాళ్ళు.

ఆ మత్తు వదలగొట్టింది డ్రైవరమ్మ.

ఆవిడ పొడుగాటి మనిషి, మెట్లెక్కుతుంటేనే తెలిసేటట్టు బరువైన బూట్లు. ఏళ్ళ తరబడి టికెట్లు కొట్టి, సెలవు రోజుల్లో డ్రైవింగు నేర్చుకుని, ఆ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి అయింది. ఇప్పటికీ ఆవిడొక్కతే. టికెట్ల పనిలో ఆవిడంత చేయి తిరిగినవాళ్ళు లేరు కనుక, వారం మధ్యలో కొత్త కండక్టర్లకు పాఠం చెప్పే పని కూడా కంపెనీ ఆవిడకే అప్పజెప్పింది. వంశవృక్షంలో ఒక మనిషి ఒక కొమ్మ మీదే కూర్చోవాలి. అందుకని పాఠం రోజు రాగానే డ్రైవర్ని చంపి శిక్షకురాలిని పుట్టించడం, పాఠం అయ్యాక శిక్షకురాలిని చంపి డ్రైవర్ని పుట్టించడం. పాపం ఆ మనిషి వారానికి రెండుసార్లు చచ్చి పుడుతోంది.

పుట్టించిన ప్రతిసారీ ప్రోగ్రాం ఉద్యోగంలో చేరిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేసుకుంటుంది. తర్వాత పాత తేదీ చేత్తో దిద్దాలి. ఒకసారి పిన్ని దిద్దబోతుండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చి వేరే పనిలో పడింది. ఆ మర్నాడే రూట్ల ఎంపిక.

ఆర్నెల్లకోసారి డ్రైవర్లందరూ హాల్లో చేరి, సర్వీసు ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు, తక్కువ ఉన్నవాళ్ళు వెనక, వరసగా వచ్చి ఎవరికి కావలసిన రూటు వాళ్ళు ఎంచుకుంటారు. డ్రైవరమ్మ పేరు అందరికంటే చివర వచ్చింది. ఆవిడ దగ్గర టికెట్లు కొట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళ వెనక నిలబడింది. మిగిలింది ఊరవతల సున్నపు బట్టీల దాకా వెళ్ళే గతుకుల రూటు. తప్పు తెలిసేసరికి రూట్లన్నీ అయిపోయాయి, తీసుకున్నది తిరిగివ్వమంటే ఎవరిస్తారు?

బూట్లు టకటకలాడించుకుంటూ పైకొచ్చి పిన్ని బల్ల ముందు నిలబడింది.

"అమ్మా, నేను మొన్ననే పుట్టానా?"

పిన్ని కుర్చీలోంచి లేచింది. "తప్పు నాదే. తేదీ దిద్దడం మర్చిపోయాను" అంది.

"తిట్టడానికి రాలేదులే. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చా. తెల్లారగట్ల వంతెన మీదుగా పోయే మొదటి బండి ఉంది చూడు, దాని కోసం నేను లైసెన్సు తెచ్చుకుంది. కండక్టరుగా ఆ బండిలోనే వెనకాల నిలబడి, ముందు సీటు చూసుకుంటూ బతికాను. మళ్ళీ ఎంపికలో కూడా నన్ను వెనక నిలబెడితే ఈ స్టీరింగు నాకొద్దు. పోయి టికెట్లు కొట్టుకుంటా. కనీసం అక్కడ నన్ను ఎవరూ చంపరు."

ఆవిడ దిగిపోయాక మెట్ల మీద బూట్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. పిన్నికి ఆ రోజు అన్నం సయించలేదు. స్టీరింగు దగ్గర ఉన్న ఒక్క ఆడమనిషినీ తన చేతులతో దింపేసినట్టనిపించి ఏడుపొచ్చింది. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

గోడసారు మాత్రం, "ఈసారి తేదీ జాగ్రత్తగా దిద్దండి, చాలు" అన్నాడు.

"ఈసారి దిద్దుతాను సార్. వారానికి రెండుసార్లు దిద్దుతాను. నాకు జ్వరమొచ్చిన వారం?"

"అయితే 'డ్రైవరు శిక్షకురాలు' అని ఇంకో గడి గీద్దాం."

"రేపు బండ్లు టెస్టు చేసే మెకానిక్కు పాఠం చెప్తానంటే?"

"దానికీ గీద్దాం" అన్నాడు, గోడ వంక చూస్తూ. గోడ మీద అప్పటికే జాగా లేదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

దారి దొరికింది ఇంట్లో, అదీ పిన్ని దారి వెతకని పూట. సెలవు రోజు ఆడపడుచు పిల్లలతో దిగింది. బట్టతల కొడుకు కూడా పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. పిన్ని పొయ్యి దగ్గర నిలబడింది. "వదినా, మా ఆయన సంగతి నీకు చెప్పాలి" అని ఆడపడుచు. "అత్తా, ఉయ్యాల ఊపు" అని ఆవిడ పిల్లలు. "అమ్మా, నా గౌను ఏదీ" అని కూతురు. "పిన్నీ, కాస్త ఉప్పు తక్కువైంది" అని బట్టతల కొడుకు. "కోడలా, బీరువా తాళాలు నీ దగ్గరే ఉన్నాయా" అని లోపల్నుంచి అత్తగారు. పడక్కుర్చీలో పడుకున్న మొగుడు ఆ పిలుపులన్నీ లెక్కపెట్టుకుంటూ, "ఇంట్లో ఇంతమంది ఆడవాళ్ళున్నారు కదా, వంట ఒక్కత్తే చేస్తోందేమిటి పాపం" అన్నాడు.

పిన్ని గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆడపడుచుకు బీరువా తాళాలతో పనిలేదు, ఆవిడకు కావలసింది వదిన. అత్తగారికి ఉయ్యాలతో పనిలేదు, ఆవిడ చూసేది కోడల్ని. ఎవరికి ఏ వరస కావాలో వాళ్ళకు ఆ వరసే కనిపిస్తోంది. ఆడపడుచుకు మొదటి బిడ్డ పుట్టిన రోజు తను అత్త అయింది. దానికోసం వదినను ఎవరూ చంపలేదే! కూర మాడింది. మాడిన వాసనకు అందరూ పరుగెత్తుకొస్తే, పిన్ని నవ్వుతోంది.

మర్నాడు తెల్లకాగితం మీద గీసి బట్టతల కొడుక్కి చూపించింది. నడిమధ్య ఒకే ఒక మనిషి. పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ ఆ మనిషివి. అవి ఎవరూ ముట్టుకోరు. చుట్టూ పాత్రలు: డ్రైవరు పాత్ర, కండక్టరు పాత్ర, శిక్షకురాలి పాత్ర. ఒక్కోటి ఒక తేదీన తగిలిస్తారు, అవసరం తీరాక ఇంకో తేదీన తీసేస్తారు. ఒకేసారి రెండు మూడు ఉన్నా తప్పులేదు. రూట్ల ఎంపిక చేసే ప్రోగ్రాం డ్రైవరు పాత్రనే చూస్తుంది. పాఠాల ప్రోగ్రాం శిక్షకురాలిని చూస్తుంది. మనిషి మాత్రం మారదు.

"అంటే నువ్వు నాకు పిన్నివి, వాళ్ళకు అత్తవి, అంతేగా?" అన్నాడు కొడుకు.

"అంతే."

"ఈ మాత్రం దానికి నిన్న కూర మాడ్చాలా?"

గోడసారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "బాగానే ఉంది. రేపు క్లీనరు డ్రైవరు పాత్ర తగిలించుకుని బండెక్కితే? నా చెట్టులో ఎవడి కొమ్మ మీద వాడుంటాడు. మీ సంతలో కాపలా ఎవరు?"

"పాత్రే కాపలా సార్. లైసెన్సు లేనివాడు అడిగితే డ్రైవరు పాత్ర అంటుకోదు. లైసెన్సు గడువు తీరిన రోజున దానంతటదే ఊడిపోతుంది. మీ చెట్టులో గడువు తీరినవాడు కూడా డ్రైవరుగానే కూర్చున్నాడు, ఇద్దర్ని చూపించమంటారా?"

చూపించమనలేదు ఆయన. పంచాయితీ మేనేజరు దగ్గరకు పోయింది. మేనేజరు గోడ మీద పిల్లి. "వచ్చే ఎంపిక పిన్ని ప్రోగ్రాంతోనే చేద్దాం, హాల్లో అందరి ముందూ. ఒక్క మనిషి ఉండకూడని చోట కనిపించినా మళ్ళీ పాతదే. ఇక దీని ఊసెత్తకూడదు" అన్నాడు. తప్పా ఒప్పా తేల్చేది ఎవరంటే, గోడసారే. పిన్ని సరేనంది. సరేననకపోతే డ్రైవరమ్మ దిగిపోతుంది.

అసలు చాకిరీ ఆ తర్వాత మొదలైంది. ఇన్నేళ్ళూ చంపినవాళ్ళ వివరాలు పాత ఫైళ్ళలో శవాల్లా పడి ఉన్నాయి. వాటిని బతికున్నవాళ్ళతో కలిపి ఒక్కొక్క మనిషిగా అతకాలి. పేరూ పుట్టిన తేదీ చూసి ప్రోగ్రాం అతుకుతుంది, డిపోలు సరిచూసి చెప్తాయి, అనుమానమున్నవి వీళ్ళు ఫోను చేసి అడగాలి. బట్టతల కొడుకు ఫోనులో, "బాబూ, కండక్టరుగా చచ్చిపోయిన మీరూ, మెకానిక్కుగా ఉన్న మీరూ ఒకరేనా?" అని అడిగితే అవతలి మనిషి తిట్టిన తిట్టు గదిలో అందరికీ వినిపించింది. మెల్లగా సంగతి పాకింది. భోజనాల వేళ కింద నుంచి జనం మెట్లెక్కి రావడం మొదలైంది. "పిన్నీ, నన్ను కూడా అతుకు" అని స్టోరు గుమాస్తా. "నా క్లీనరు రోజులు కలిశాయా?" అని ముసలి ఇన్‌స్పెక్టరు. కలిశాయని చూపిస్తే, పోయిన ఏళ్ళు తిరిగొచ్చినట్టు మొహం వెలిగిపోయేది. తమలా ఆఫీసులో కూర్చునేవాళ్ళు రూట్లు ఎంచుకోరు కదా అని వాళ్ళను మాత్రం ఎవరూ సరిచూడలేదు. పిన్ని కూడా చూడలేదు.

ఎంపిక రోజు రానే వచ్చింది. వచ్చి వచ్చి సరిగ్గా డ్రైవరమ్మ పాఠం చెప్పే రోజునే పడింది. హాలు కిక్కిరిసిపోయింది. ముందు పెద్ద తెర, పక్కన మైకు, గోడవారగా చేతులు కట్టుకుని గోడసారు. డ్రైవరమ్మ చివరి వరసలో నిలబడింది, మళ్ళీ పిలిచేది చివరనే అన్నట్టు. పిన్ని మీట నొక్కింది. తెర మీద మొదటి పేరు పడింది.

అది గోడసారు పేరు.

హాల్లో ఒక్కసారిగా గుసగుస లేచింది. పక్కనుంచి బట్టతల కొడుకు, "పిన్నీ, మునిగాం" అన్నాడు. మేనేజరు మైకు అందుకుని, "చూశారా! ఆఫీసులో కూర్చునే మనిషిని డ్రైవర్ల వరసలో నిలబెట్టింది. నేననలేదా..." అని మొదలుపెట్టాడు.

గోడసారు గోడను వదిలి తెర దాకా నడిచాడు. తన పేరు చదువుకున్నాడు. పిన్ని వైపు తిరిగి, "ఇదెలా వచ్చింది?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

పిన్ని అప్పటికే తన యంత్రంలో ఆయన వివరాలు తీసి చూస్తోంది. చూసింది చూసినట్టు చెప్పింది. "మీరు ఇక్కడ డ్రైవరుగా చేరారు సార్. తర్వాత ఆఫీసరుగా మిమ్మల్ని మీరే పుట్టించుకున్నారు. కానీ ఆ డ్రైవర్ని చంపలేదు, పాత ఎంపిక జాబితాకు కనపడకుండా దాచిపెట్టారంతే. లైసెన్సు ఇప్పటికీ నడుస్తోంది, గడువు తీరిన ప్రతిసారీ మీరే కొత్తది ఎక్కించారు. అందుకని పాత్ర ఊడలేదు."

హాలు చెవులు రిక్కించింది. కిటికీ దగ్గర నిలబడి క్లచ్చి చప్పుళ్ళు వినే మనిషి ఎవరో పిన్నికి అప్పుడర్థమైంది. ఆయన ఒక్క మాట అంటే చాలు, "ఇది తప్పు" అని. ఆర్నెల్ల చాకిరీ, డ్రైవరమ్మ స్టీరింగు, అన్నీ ఆ మాటతో సరి.

ఆయన చొక్కా జేబులోంచి లైసెన్సు తీశాడు. అంచులు నలిగి ఉన్నా రోజూ వెంట తిరిగే వస్తువులా నున్నగా ఉంది. దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

"తప్పు లేదు" అన్నాడు. మైకు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది. "నేను డ్రైవర్నే. ఆ చెట్టు గీసినవాణ్ణి నేనే, చంపి పుట్టించమని నేర్పింది నేనే. అందర్నీ చంపించాను. నా వంతు వచ్చేసరికి చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళకు ఈవిడ ప్రోగ్రాం నన్ను నన్నుగా చూపించింది."

వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఆ తర్వాత చప్పట్లు. మేనేజరు చేతిలోని మైకును కాసేపు చూసి, అతను కూడా దాన్ని చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

"రూటు తీసుకోండి సార్!" అని అరిచారు కుర్రాళ్ళు.

"నా వంతు వెనకవాళ్ళకి వదిలేశాను. కానివ్వండి, తర్వాతి పేరు."

పేర్లు నడిచాయి. పాత కాపులు నలుగురైదుగురు వచ్చి తీరుబడిగా ఉండే రూట్లు ఎంచుకున్నారు. ఆ తర్వాత తెర మీద డ్రైవరమ్మ పేరు పడింది. ఆవిడ ఒక క్షణం కదల్లేదు. పక్కవాళ్ళు తోస్తే, బూట్లు టకటకలాడించుకుంటూ నడిచొచ్చింది. ఇంతలో మధ్య వరసలోంచి ఒక మీసాలాయన లేచి, "ఆగండాగండి. ఇవాళ ఆవిడ పాఠాల డ్యూటీ. శిక్షకురాలు రూటెలా తీసుకుంటుంది? రెండు పడవల మీద కాళ్ళేమిటి?" అన్నాడు.

పిన్ని నోరు తెరిచేలోపే గోడసారు అందుకున్నాడు. "ఏమయ్యా, నువ్వు మీ ఇంట్లో నాన్నవా, అల్లుడివా?"

"రెండూనండీ."

"మామగారింటికి పోయినప్పుడు నీ పిల్లలు తండ్రిలేని వాళ్ళవుతారా? కూర్చో."

నవ్వులతో హాలు కప్పు ఎగిరిపోయింది. మీసాలాయన కూడా నవ్వుతూ కూలబడ్డాడు. డ్రైవరమ్మ తెర దగ్గర నిలబడి రూట్ల వరసలో వేలు పెట్టింది. "వంతెన మీద పోయే మొదటి బండి" అంది. పిన్ని ఆ రూటు ఎదురుగా ఆవిడ పేరు కొట్టింది. తన జీవితంలో ఎన్నో పేర్లు టైపు కొట్టింది గానీ, ఒక్కొక్క అక్షరం ఇంత తీపిగా ఎప్పుడూ లేదు.

హాలు ఖాళీ అయ్యేసరికి ఒక్క మనిషి కూడా తప్పు చోట లేడు. పైకి వెళ్ళి చూస్తే గోడసారు కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. వంశవృక్షాన్ని చుట్ట చుట్టి పిన్ని చేతికిచ్చాడు. "పారేయకండి, వెనక తెల్లగా ఉంది, బొమ్మలు గీసుకోవచ్చు" అన్నాడు. బట్టతల కొడుకు పరుగున పోయి అందరికీ టీ తెచ్చాడు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం ఆ గదిలో ఎవరినీ చంపలేదు. అలవాటైన చేతులు ఊరుకోక, మధ్యాహ్నమంతా బల్లలు తుడుచుకున్నారు. సారు కుర్చీ కిటికీ వైపు తిరిగింది. పేరు మాత్రం గోడసారే, జిగురు అలాంటిది.

కొత్త రూట్లు మొదలైన రోజున పిన్ని ఎన్నడూ లేనిది తెల్లవారకముందే తయారై బస్టాపులో నిలబడింది. వంతెన మీద నుంచి దీపాలు దిగివచ్చాయి. బండి ఆగింది. స్టీరింగు వెనక డ్రైవరమ్మ, కొత్త యూనిఫారం ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. పిన్ని ఎక్కి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, కళ్ళనిండా చూసుకుంది.

ముందు తేరుకుంది డ్రైవరమ్మే. "ఏం పిన్నీ, అలాగే నిలబడ్డావ్? టికెట్ తీసుకో."

"నేను ఉద్యోగిని. నాకు పాసుంది."

"చూపించు మరి."

పిన్ని సంచీ అంతా తడుముకుంది. హడావుడిలో పాసు ఇంట్లో బల్ల మీద మర్చిపోయింది.

"ఆఫీసులో పిన్నివే. నా బండి ఎక్కాక ప్యాసింజరువి" అంది డ్రైవరమ్మ. "నువ్వు రాసిన న్యాయమే కదా."

వెనకనుంచి కండక్టరు పకపక నవ్వుతూ టికెట్ చింపి ఇచ్చాడు. పిన్ని దాన్ని తీసుకుని, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. బండి కదిలింది.